కాగితం మీద ‘స్టోర్’ అని రాసిన గది

పెద్దన్న ముగ్గు గీతల నడుమ గొంతుక్కూర్చున్నాడు. సంచిలోంచి మోదుగాకు తీసి నేల మీద పరిచాడు. దాని మీద పిడికెడు బియ్యం పోసి, వేళ్ళతో చిన్న చిన్న కుప్పలుగా విడదీస్తున్నాడు. అవతల దారం చుట్టుకుంటున్న మేస్త్రి అది చూసి ఆగాడు.

“పెద్దాయనా, అక్కడ కాదు. అది బాత్రూం,” అన్నాడు.

మేస్త్రి మర్యాదగానే చెప్పాడు. ముసలాయన తెలియక తప్పు చోట కూర్చున్నాడనుకున్నాడు. పెద్దన్న చెయ్యి బియ్యం మీదే ఉండిపోయింది. నావైపు చూశాడు. నేను తమ్ముడివైపు చూశాను. తమ్ముడు మేస్త్రి చేతిలోని ఫోన్ వైపు చూశాడు.

అది ఖమ్మంలో ఖానాపురం హవేలి వైపు మేమిద్దరం అన్నదమ్ములం కలిసి కట్టుకోబోతున్న ఇల్లు. ఆ పొద్దుటికి ఇంకా ఖాళీ జాగానే. నాలుగు మూలలా ఇనుప మేకులు, వాటికి కట్టిన దారాలు, దారాల వెంట పోసిన తెల్లటి ముగ్గు. అటూ ఇటూ ఇళ్ళు లేచాయి. మా జాగాలో ఎదురింటివాళ్ళ బండ్లు పెట్టుకునేవారు. ఆ రోజు మాత్రం తీశారు.

పెద్దన్న అంటే మా పెద్దనాన్న కొడుకు. డెబ్భై దాటినవాడు. చర్ల అవతలి మా ఊళ్ళో ఇప్పటికీ పోడు కొట్టుకుని బతుకుతున్నాడు. ముందురోజు చీకటితోనే లేచి, రోడ్డు దాకా నడిచి, భద్రాచలంలో బస్సు మారి, మధ్యాహ్నానికి నా కిరాయి ఇంటికి చేరాడు. ఆయన అంత దూరం వచ్చింది ఇల్లు చూడటానికి కాదు. ఆ ఇంట్లో ఒక గది చూడటానికి.

ఆ గది సంగతి చెప్పాలంటే మా ఇళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. మేం కోయవాళ్ళం. మా ఊళ్ళో ఇంట్లో లోపలి వైపు కిటికీ లేని ఒక చిన్న గది ఉంటుంది. అందులో ఒక మూల కుండ ఉంటుంది. అది పెద్దల కుండ. పోయినవాళ్ళు పూర్తిగా పోరని, పిలిస్తే ఇంటికి వస్తారని, వచ్చినవాళ్ళను ఆ కుండలో కలుపుకోవాలని మా నమ్మకం. చిక్కుడు కాసినా వడ్లు పండినా మొదట ఆ గదిలో పెట్టాకే మేం నోట్లో పెట్టుకుంటాం. బయటివాళ్ళు ఆ గది గడప దాటరు. కాబట్టి దానికి వెలుతురూ అక్కర్లేదు, గాలీ అక్కర్లేదు. కాళ్ళ కింద మట్టి మాత్రం ఉండాలి. ఊరికో తీరు ఉండొచ్చు, నేను చెప్పేది మా ఇంటి తీరు.

మా నాన్న పోయేనాటికి పెద్దనాన్న ఇల్లూ మా ఇల్లూ ఒకటే. ఆయన్ను ఆ ఇంటి కుండలోనే కలిపారు. తర్వాత వేరుపడ్డాం. వేరుపడ్డాక పోయిన మనిషిని పాత కుండలో కలపరు. కొత్త ఇంట్లో కొత్త కుండ పెట్టాలి. పాత కుండ ఉన్న ఇంటి పెద్ద, అంటే ఇప్పుడు పెద్దన్న, వచ్చి, గది చూసి, అందులో కూర్చుని సరే అనాలి. అప్పుడు ఒకేసారి నాన్ననూ అక్కణ్నుంచి తెచ్చుకోవచ్చు, అమ్మనూ తెచ్చుకోవచ్చు.

అమ్మ పోయింది ఖమ్మంలో. కొన్నాళ్ళు నా కిరాయి ఇంట్లో, కొన్నాళ్ళు తమ్ముడి కిరాయి ఇంట్లో ఉండేది. ఇల్లు మారినప్పుడల్లా అటక మీదికి, వంటింటి మూలల్లోకి చూసేది. ఎందుకు చూసేదో మాకు తెలుసు. ఏ ఇంట్లోనూ అలాంటి మూల లేదు. ఉన్నా అది ఓనరుది. దవాఖానాలో చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె మమ్మల్ని అడిగింది, మా భాషలో, చాలా నెమ్మదిగా, కిరాయి ఇంట్లో నన్ను ఎక్కడ పెడతారురా అని.

ముప్పై ఏళ్ళు పత్రికల్లో పనిచేసినవాణ్ని. ఎవరింట్లో ఎవరు పోయినా పక్కన నిలబడి, అడగాల్సినవి అడిగి, రాసుకుని వచ్చినవాణ్ని. మా అమ్మ అడిగిన దానికి జవాబు చెప్పలేకపోయాను. చెప్పింది తమ్ముడు. మంచం మీద కాళ్ళ వైపు కూర్చుని ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“కిరాయి ఇల్లు కాదమ్మా. మనిల్లు కడతం. ముందు నీ గది గీసినంకనే మా గదులు గీస్తం,” అన్నాడు.

అమ్మ పోయాక ఆమె మెడలోని పూసల్లో ఒకటి, పిడికెడు వడ్లు, ఒక గుడ్డలో మూటగట్టి పెద్దన్న తీసుకెళ్ళాడు. దాన్ని ఇంట్లోపల పెట్టడానికి లేదు. బయట చూరులో కట్టాడు. మీ ఇల్లు లేచేదాకా అక్కడ ఉంటుంది, వానకు తడవకుండా నేను చూసుకుంటాను అన్నాడు. అమ్మ ఇంకా గుమ్మం బయటే ఉందని ఆ మాటకు అర్థం.

జాగా మాకు అంతకు ముందే ఉంది. అమ్మ పోయిన తర్వాతి ఎండాకాలంలో ప్లాన్ గీయించడానికి ఇద్దరం కలిసే వెళ్ళాం. ఇంజనీరు కుర్రవాడు, మంచివాడు. కంప్యూటర్ ముందు కూర్చుని మేం చెప్పింది చెప్పినట్టు గీస్తూ పోయాడు. తూర్పు వాకిలి, హాలు, ఆగ్నేయాన వంటిల్లు, ఈశాన్యాన పూజ గది, నైరుతిన పెద్ద బెడ్రూం. పూజ గది మేం అడగలేదు. అది లేకుండా ఇల్లు ఉంటుందని అతనికి తోచలేదు. మేమూ వద్దనలేదు. పట్నంలో ఇన్నేళ్ళు ఉన్నాక గోడ మీద దేవుడి పటాలు మా ఇళ్ళలోనూ చేరాయి. ఆ తర్వాత హాలు దాటి ఎడమ చేతి వైపు ఆరడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు ఒక గది గీయమన్నాను.

గీశాడు. కిటికీ ఎటు పెట్టమంటారు అని అడిగాడు. వద్దన్నాను. గచ్చు? వద్దన్నాను. అప్పుడతను మౌస్ వదిలేసి నావైపు తిరిగాడు.

“ఈ రూమ్ ఏంది సార్?”

తమ్ముడు నా పక్కనే ఉన్నాడు. బయట ఇంకో ఇద్దరు కూర్చుని వాళ్ళ ప్లాన్ కోసం ఎదురు చూస్తున్నారు. అతను అడిగింది తప్పేం కాదు. నిజం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. కానీ దాని వెంట ఇంకో పది వాక్యాలు చెప్పాలి. అతను ఓహో అంటాడు. బయట కూర్చున్నవాళ్ళు తలెత్తి చూస్తారు. ఆ చూపు నాకు హాస్టల్ రోజుల నుంచీ తెలుసు.

“స్టోర్,” అన్నాను.

అతను ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ మాట కొట్టాడు. తమ్ముడు చిన్నగా నవ్వి, మా భాషలో, అమ్మ వింటే నిన్ను కొట్టేది అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మాట తమ్ముడు ఆరోజు అన్నాడని నేను ఇక్కడ రాయడం అవసరం. గది ఏమిటో అతనికి తెలియదని ఎవరూ అనుకోకూడదు.

తర్వాత రెండు నెలలు ఆ ప్లాన్ కాగితం మా ఇళ్ళ మధ్య తిరిగింది. చూసిన ప్రతివాళ్ళూ ఒక మాట చెప్పారు. నా భార్య, బెడ్రూంలోంచి వంటింట్లోకి పోవాలంటే చుట్టాల ముందు నుంచి పోవాల్సి వస్తుంది, దారి మార్చమంది. మరదలు, అంటే తమ్ముడి భార్య, గిన్నెలు తోమడానికి వంటింటి వెనక జాగా కావాలంది. ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది, మెట్లెక్కలేదు, కింద హాలుకు దగ్గరగా ఇంకో బాత్రూం ఉంటే బాగుంటుందని కూడా అంది. అది న్యాయమైన మాట. దానికి మెట్ల వైపు జాగా చూశాం. అది కాస్త దూరమైంది. ఫర్వాలేదులే బావగారూ అంది. వాస్తు చూసే ఆయన వచ్చి సంపు చోటు మార్పించి పోయాడు. స్టోర్ గది విషయంలో ఆయనకు అభ్యంతరమేమీ కనిపించలేదు, సామాను ఎక్కడున్నా సామానే అన్నాడు.

ఆ మార్పులన్నీ నేను ఎర్ర పెన్నుతో కాగితం మీదే దిద్దేవాణ్ని. అది పత్రిక డెస్కులో పట్టుకున్న అలవాటు. పేజీ ప్రూఫ్ వస్తే చివరి గీత దాకా చూసి, మూలన సంతకం పెట్టి వదలాలి. సంతకం పెట్టాక ఆ పేజీలో అక్షరం కూడా కదలకూడదు. కదిలితే కదిపినవాడు చెప్పాలి. మూడో కాగితం వచ్చాక నేను సంతకం పెట్టి తమ్ముడికిచ్చాను. ఎందుకన్నా ఇవన్నీ, మనమేమన్న కోర్టుల ఉన్నమా అని నవ్వాడు. అయినా నా పేరు కింద తన పేరు రాశాడు. అతను టీచరు, అతని బడికి ఇంజనీరు ఆఫీసు దగ్గర. అందుకని మిగతా పని అతనికి అప్పజెప్పాను. తిరుమలాయపాలెంలో నా భార్య తరఫువాళ్ళింట్లో జబ్బు చేసిన మనిషిని చూసుకోవడానికి మేం పది రోజులు వెళ్ళాం. తిరిగొచ్చేసరికి ముగ్గు పోసే రోజు కూడా ఖాయం చేసి ఉంచాడు. పెద్దన్నకు నేనే ఫోన్ చేశాను. వాకిట్లోంచి లెక్కపెట్టుకుంటే ఎడమ చేతి వైపు మూడోది అని చెప్పాను. మళ్ళీ చెప్పమని రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

మా ఊళ్ళో ఇల్లు కట్టేముందు గుంజలు పాతే చోట్ల బూడిదతో గీస్తారు. ఇంటి పెద్ద ఆ గీతల్లో నడుస్తాడు. గోడ ఉండే చోట దాటడు. వాకిలి ఉండే చోటనే లోపలికి వస్తాడు, పొయ్యి ఉండే చోట కూర్చుంటాడు, పడుకునే చోట ఒకసారి పడుకుని లేస్తాడు. అలా నడిచాక ఎక్కడ ఇరుకో, ఎక్కడ తల తగులుతుందో తెలిసిపోతుంది. చిన్నప్పుడు మాకది ఆట. పెద్దన్న ఆ పొద్దున మా ముగ్గులో అలాగే నడిచాడు. వాకిట్లో చెప్పులు విడిచాడు. ఇంకా లేని గడప దాటేటప్పుడు తల కొంచెం వంచాడు. హాల్లో నిలబడి ఇంత పెద్దగ ఎందుకురా, పశువులను కట్టేస్తరా అన్నాడు. మేస్త్రి మనుషులు నవ్వారు. తమ్ముడూ నవ్వాడు, కానీ పెద్దన్న ఎడమ వైపు తిరగగానే అతని నవ్వు ఆగింది. అన్నా, చాయ్ తాగుదాం దా, తర్వాత చూద్దువు అన్నాడు. పెద్దన్న వినిపించుకోలేదు. ఒకటి, రెండు, మూడు అని వేలితో లెక్కపెట్టుకుని వెళ్ళి కూర్చున్నాడు. ఆకు పరిచాడు.

అప్పుడే మేస్త్రి ఆ మాట అన్నది.

నేను మేస్త్రి ఫోన్ తీసుకుని చూశాను. నాలుగో కాగితం. నేను చూడనిది. స్టోర్ ఉన్న చోట బాత్రూం ఉంది. మెట్ల పక్కన మేం చూసిన బాత్రూం చోట బూట్ల అల్మారా ఉంది. మిగతా ఇల్లంతా నేను దిద్దినట్టే ఉంది.

“ఇదెప్పుడు మార్చినవ్?” అన్నాను.

తమ్ముడు మొదట కంగారు పడ్డాడు, తర్వాత ఉపాధ్యాయుడి గొంతు తెచ్చుకున్నాడు. నేనొక్కణ్నే మార్చలేదన్నా, నలుగురి సలహా తీసుకున్నా అన్నాడు. ఫోన్లో ఇళ్ళ ప్లాన్లు పెట్టి ఫీడ్‌బ్యాక్ అడిగే గ్రూపు ఒకటి ఉందట. అందులో మా ప్లాన్ పెట్టాడట. ఇళ్ళు కట్టిన అనుభవం ఉన్నవాళ్ళు, ఇంజనీర్లు, బయటి దేశాల్లో ఉన్నవాళ్ళు కూడా జవాబిచ్చారట. అందరూ ఒకటే మాటన్నారట. నువ్వే చదువు అని తన ఫోన్ తెరిచి నా చేతికిచ్చాడు. చదివితే నేను ఒప్పుకుంటానని నిజంగానే అనుకున్నాడు.

కళ్ళద్దాలు పెట్టుకుని, జాగా అంచున పెట్టిన ఇటుకల మీద కూర్చుని చదివాను. పెద్దన్న ఆకు ముందు అలాగే కూర్చుని ఉన్నాడు. ఎవరూ లేవమనలేదు, ఆయనా లేవలేదు.

తమ్ముడు రాసింది పైన ఉంది. ‘మా ఫ్యామిలీ కోసం ఈస్ట్ ఫేసింగ్ మోడర్న్ హౌస్. మీ విలువైన సలహాలు చెప్పగలరు.’ కింద జవాబులు. వంటిల్లు బాగుందని ఒకరు. మెట్లు లోపల పెట్టుకుంటే భద్రత అని ఒకరు. చాలామంది కన్ను ఆ గది మీదే పడింది. ‘బ్రో, నడిమిట్ల కిటికీ లేని గీ గది ఏంది?’ అని ఒకతను అడిగాడు. ‘బంగారం దాస్తడు కావచ్చు’ అని ఇంకొకతను. ‘అత్తగారి కోసం కట్టిస్తుండు’ అని మరొకతను, దాని పక్కన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వే బొమ్మలు వరసగా. గచ్చు లేకపోతే చెదలు పడతాయని, ఎలుకలు చేరతాయని, ఇంత మంచి చోటు సామానుకు ఎందుకని, కామన్ బాత్రూం ఇక్కడికి తెస్తే పెద్దవాళ్ళకు సుఖమని వివరంగా, శ్రద్ధగా రాసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకు చూపించిన కాగితం మీద స్టోర్ అని ఉంది. స్టోర్‌కు చెప్పాల్సిన సలహా వాళ్ళు సరిగ్గానే చెప్పారు.

అత్తగారి మాట కింద మా తమ్ముడు కూడా ఒక నవ్వే బొమ్మ పెట్టాడు.

అక్కడితో ఆపి ఉంటే ఎలా ఉండేదో. కానీ చివరి గీత దాకా చదవడం నాకు అలవాటు. ఇంకా కిందికి పోతే ఒక స్త్రీ రాసింది. ఆ గది మీవాళ్ళెవరైనా కావాలని అడిగి గీయించారా, అలా అయితే వాళ్ళను అడిగి మార్చండి, మా ఇంట్లో ఇలాగే గొడవైంది అని. దానికి తమ్ముడి జవాబు రెండు ముక్కలు.

‘పాత సెంటిమెంట్ మేడమ్. అడిగినం, ఒప్పుకున్నరు.’

ఆ తేదీ చూశాను. నేను తిరుమలాయపాలెంలో ఉన్న రోజులు. ఆ వారంలో అతను రోజూ నాతో ఫోన్లో మాట్లాడాడు. జబ్బు మనిషి ఎలా ఉన్నాడని అడిగాడు, ఇసుక ఎక్కడ తెప్పించాలని అడిగాడు. ఈ ఒక్కటి అడగలేదు. ముఖం తెలియని ఆమెకు మాత్రం మా ఇద్దరి తరఫునా, పెద్దన్న తరఫునా, చూస్తే అమ్మ తరఫున కూడా, ఒప్పుకున్నామని చెప్పాడు.

నా ఉద్యోగంలో నాకు చాలామంది అబద్ధాలు చెప్పారు. ఎమ్మార్వో ఆఫీసులో చెప్పారు, పోలీసు క్యాంపుల దగ్గర చెప్పారు, నష్టపరిహారం రాని ఊళ్ళల్లో అంతా వచ్చిందని చెప్పారు. వాటిని నేను పక్కన పెట్టి వేరేవాళ్ళను అడిగి రాసేవాణ్ని. ఈ అబద్ధంలో నేనూ ఒక మనిషిని. పక్కన పెట్టడానికి లేదు.

ఫోన్ తిరిగిచ్చి, ఎవరిని అడిగినవ్ అన్నాను.

అతను నా దగ్గరికి జరిగాడు. తర్వాత మెల్లగా, మేస్త్రికి వినపడకుండా, మా భాషలో మాట్లాడాడు. తన భార్య మోకాళ్ళ సంగతి చెప్పాడు. రాత్రి లేస్తే మెట్ల దాకా గోడ పట్టుకుని నడవాల్సి వస్తుందన్నాడు. బిడ్డకు సంబంధాలు చూస్తున్నాం, వచ్చినవాళ్ళు ఇల్లంతా తిరిగి చూస్తారు, తాళం వేసిన చీకటి గది ఏమిటంటే ఏం చెప్పమంటావన్నాడు. అమ్మ పటం పెద్దది చేయించి హాల్లో పెడదాం, పూజ గది ఉంది కదా, అక్కడ దీపం పెడదాం, అమ్మ ఎక్కడున్నా చూస్తుందన్నాడు. అన్నీ ముందే ఆలోచించుకుని పెట్టుకున్న మాటలు. దవాఖానాలో నువ్వే కదా చెప్పింది అన్నాను. చచ్చిపోయే మనిషికి ఏం చెప్పాలన్నా అన్నాడు.

నా గొంతు పెరిగింది. సంతకం పెట్టిన కాగితం మార్చడానికి నువ్వెవడివి అన్నాను. అప్పుడతను తెలుగులో, అందరికీ వినపడేట్టు అన్నాడు.

“అన్నా, కాగితం మీద స్టోర్ అని చెప్పి రాయించింది నువ్వే. నేను స్టోరే తీసేసిన.”

అది నిజం. ఒక్క మాట మాత్రం అనగలను. సిగ్గుపడి నేను ఆ పేరు దాచినప్పుడు, అది ఏమిటో తెలిసి నా పక్కన ఉన్నవాడు అతనొక్కడు. ఆ పేరు లేకపోవడాన్ని నా మీదికి వాడుకున్నవాడు కూడా అతనొక్కడే. తెలియనివాళ్ళు చేస్తే అది సలహా. అతను చేసిన దానికి నేను వేరే మాట వెతుక్కోవాలి.

పెద్దన్న మా ఇద్దరి వైపూ ఒకసారి చూసి, బియ్యం ఏరడం మొదలుపెట్టాడు. ఆకు మీదివి గుడ్డలో పోసుకున్నాడు. ముగ్గులో పడిన గింజలను కూడా ఒక్కొక్కటీ తీసి, ఊది, గుడ్డలో వేసుకున్నాడు. ఆకు మడిచి సంచిలో పెట్టాడు. మోకాళ్ళు పట్టుకుని లేచాడు. వచ్చిన దారినే, గోడ గీత దాటకుండా, హాల్లోంచి వాకిట్లోకి వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు.

“మీ అమ్మను యాడ కూసోబెడతరు?” అని అడిగాడు. కోపంగా కాదు. తెలుసుకోవడానికి అడిగాడు.

కాసేపు మా ఇద్దరినీ చూసి, సరే, మీరు మీరు మాట్లాడుకోండి, నాకు బస్సుంది అన్నాడు. చాయ్ తాగాడు. మేస్త్రి మనుషులకు వంద పనుల మీద వంద ప్రశ్నలు వేశాడు. సిమెంటులో నీళ్ళు ఎంత పోస్తరని, ఇనుపచువ్వ తుప్పు పట్టదా అని. మధ్యాహ్నం బస్సెక్కాడు. బస్టాండుకు నేనొక్కణ్నే వెళ్ళాను. దారిలో ఒకటే మాటన్నాడు. చిన్నోడు నేను లెక్కపెడుతుంటే చాయ్‌కి పిలిచిండు చూసినవా, అప్పుడే అనుకున్న అని.

పని ఆపలేదు. ఆపితే కూలీలు వేరే పనికి పోతారు. పునాది పడింది, గోడలు లేచాయి. నేను రోజూ వెళ్ళి నీళ్ళు పట్టేవాణ్ని. తమ్ముడు బడి అయ్యాక వచ్చేవాడు. ఇటుకల గురించి, చువ్వల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఎడమ వైపు మూడో గది గోడలు లేచినప్పుడు ఇద్దరం చెరో వైపు నిలబడ్డాం. మరదలు ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, ఆ గది దేనికో నాకు తెలియదు బావగారూ, స్టోరనే చెప్పిండు, తెలిస్తే అడగకపోయేదాన్ని అంది. ఆమె పుట్టిల్లు కూడా మాలాంటి ఇల్లే. ఇంట్లో మనిషికి కూడా స్టోరనే చెప్పాడు. ఆమె ముందు ఆ కాగితం పెట్టినప్పుడు నేనూ వేరే మాట చెప్పలేదు.

మెట్ల కింద ఖాళీ ఉంది. అక్కడ గచ్చు పోయకుండా ఆపించి, పెద్దన్నకు ఫోన్ చేశాను. ఎంత ఎత్తు అని అడిగాడు. నిలబడితే తల తగులుతుంది, కూర్చోవచ్చన్నాను. పైన ఏముంటుంది అని అడిగాడు. మెట్లన్నాను.

“అందరి కాళ్ళ కిందనారా?” అన్నాడు.

పై అంతస్తు కుదరదు, మట్టి ఉండదు. వెనక గోడ పక్కన విడిగా కడితే మున్సిపాలిటీ లెక్కన ఖాళీగా వదలాల్సిన జాగా పోతుంది. నేను ఎర్ర పెన్ను పట్టుకుని ఆ కాగితం మీద ఇంకా నాలుగైదు చోట్ల గీసి చూశాను. తమ్ముడికి చూపించాను. అతను ప్రతిదాన్నీ ఓపికగా చూశాడు, కష్టమన్నా అన్నాడు. ఒకసారి మాత్రం ఆ బాత్రూం గుమ్మంలో నిలబడి, లోపలికి చూస్తూ, పైపులు ఇంకా వెయ్యలేదులే అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటని నేను అడగలేదు. అతనూ పొడిగించలేదు. మర్నాడు ప్లంబర్ వచ్చి వంటింట్లో పని మొదలుపెట్టాడు.

పోయిన వారం పెద్దన్న ఫోన్ చేశాడు. వానలు పడేలోపు ఇంటి కప్పు మొత్తం విప్పి కొత్తగా నేయాలట. పోయినేడే వెనక వైపు కారిందట. చూరు విప్పేటప్పుడు అమ్మ మూట అక్కణ్నుంచి తియ్యక తప్పదు, తీస్తే ఎక్కడ పెట్టాలో చెప్పండి, ఇద్దరూ కలిసి చెప్పండి అన్నాడు. నేను తమ్ముడికి చెప్పాను. ఆలోచిద్దామన్నాడు.

ఎడమ వైపు ఆ మూడో గదికి ఇంకా పైపులు వెయ్యలేదు, గచ్చూ పోయలేదు. పెద్దన్న ఇంటి కప్పు ఇంకా విప్పలేదు. మేమిద్దరం ఆయనకు ఇంకా ఫోన్ చెయ్యలేదు.